వేషం, నడత, వాంఛ: లైంగికాభిముఖ్యత విషయంలో మూసభావనలు కల్పించిన పొరపాట్ల చరిత్ర

వ్యాససంగ్రహం: స్త్రీవలె నడిచే పురుషుడు పురుషులనే కోరుకుంటాడని, పురుషునివలె ప్రవర్తించే స్త్రీ స్త్రీలనే ప్రేమిస్తుందని భావించడం లోకంలో స్థిరపడిన అలవాటు. ఈ భావన పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో శాస్త్రరూపం ధరించిన క్రమాన్ని, దానివల్ల న్యాయస్థానాలు, సైన్యం, మనస్తత్వశాస్త్రం చేసిన పొరపాట్లను, వాటన్నిటికంటె ముఖ్యంగా వ్యక్తులు తమను గురించి తామే పొరబడిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వలస భారతదేశంలోని చట్టాలను, తెలుగు రంగస్థలంలోని స్త్రీవేష సంప్రదాయాన్ని సందర్భానుసారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: లైంగికాభిముఖ్యత, మూసభావన, స్త్రీవేషం, ఉల్‌రిఖ్స్, ఒవెసీ, నేరస్థ జాతుల చట్టం.

1. ప్రవేశిక

ఒక మనిషి నడక, గొంతు, కట్టుబొట్టు, ఇష్టపడే పని చూసి అతడి లైంగిక వాంఛను చెప్పవచ్చుననే నమ్మకం అనాదిగా ఉన్నట్లు తోస్తుంది. చరిత్రకారుల్లో ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. లండన్‌లో 1700 ప్రాంతంలోనే ఆడంగితనానికీ పురుషుల మధ్య లైంగిక సంబంధానికీ ముడిపడిందని రాండాల్ఫ్ ట్రంబాక్ వాదించారు. 1726లో లండన్ పోలీసు వ్యవస్థ ఇంకా రూపుదిద్దుకోక ముందే, పురుషులు స్త్రీల పేర్లతో పిలుచుకునే ఒక మద్యశాలపై జరిగిన దాడి ఆ వాదానికి బలమైన ఆధారం. అలన్ సిన్‌ఫీల్డ్ 1994లో వెలువరించిన గ్రంథంలో దీనికి భిన్నంగా వాదించారు. ఆస్కార్ వైల్డ్‌పై 1895లో జరిగిన విచారణల వరకు ఇంగ్లండులో ఆడంగితనం ప్రధానంగా కులీనుల సోమరితనానికి, భోగలాలసకు, చివరికి స్త్రీల సాంగత్యంలో మితిమీరి గడపడానికి కూడా గుర్తుగానే ఉండేదని ఆయన అభిప్రాయం. వైల్డ్ శిక్షపడి జైలుకు వెళ్ళిన తరువాతే ఆయన వేషధారణ, మాటతీరు, విలాసం ఒక 'రకం' మనిషికి నమూనాగా స్థిరపడ్డాయి.

ఈ రెండు వాదాలనూ కలిపి చూస్తే ట్రంబాక్ చూపినది నగరంలోని ఒక మూలన ఉన్న ఆచారమనీ, సిన్‌ఫీల్డ్ చూపినది ఆ మూలనున్న బొమ్మ దేశమంతటికీ పటమైన ఘట్టమనీ చెప్పవచ్చు. వలస భారతదేశం నుంచి ఒక సాక్ష్యం సిన్‌ఫీల్డ్‌కు అనుకూలంగా కనిపిస్తుంది. బ్రిటిషు పాలకులు బెంగాలీ విద్యావంతులను పదేపదే ఆడంగులని ఎద్దేవా చేశారు. మృణాళినీ సిన్హా 1995లో విశ్లేషించినట్లు, ఆ నింద వారి రాజకీయార్హతను కాదనడానికి ఉద్దేశించినదే గాని వారి లైంగికాభిముఖ్యతను ఉద్దేశించినది కాదు. తెలుగులో 'ఆడంగి' అన్న మాట కూడా నేరుగా నడతనే సూచిస్తుంది. వాంఛ సంగతి వినేవారు ఊహించుకోవలసిందే. ఆ ఊహకు శాస్త్రం ముద్ర వేసినది పందొమ్మిదో శతాబ్దిలోనే.

2. ఉల్‌రిఖ్స్ సిద్ధాంతం, ఉత్తరాలు నేర్పిన పాఠం

కార్ల్ హైన్రిఖ్ ఉల్‌రిఖ్స్ (1825–1895) హనోవర్ రాజ్యంలో న్యాయశాఖలో పనిచేసి ఉద్యోగం వదులుకున్న న్యాయవేత్త. 1864 నుంచి పురుషుల మధ్య ప్రేమను సమర్థిస్తూ వరుసగా చిన్నచిన్న గ్రంథాలు ప్రకటించారు. మొదట మారుపేరుతో, తరువాత సొంతపేరుతో. 1867 ఆగస్టు 29న మ్యూనిక్‌లో జర్మన్ న్యాయవేత్తల మహాసభలో ఈ ప్రేమను నేరంగా పరిగణించే చట్టాలను రద్దు చేయాలని మాట్లాడబోయి, సభ్యుల కేకల మధ్య వేదిక దిగవలసి వచ్చింది.

ఆయన సిద్ధాంతాన్ని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: పురుషుని దేహంలో స్త్రీ ఆత్మ చిక్కుకుని ఉంటుంది, పురుషులను కోరుకోవడం ఆ ఆత్మ స్వభావం. కోరిక జన్మతః వచ్చినదైతే అది నేరం కాజాలదు. న్యాయవాదిగా ఇది ఎంతో పదునైన వాదన. కాని దీని ఆధారం ఏమిటి? మొదట్లో ఆధారం చాలావరకు ఆయనే. చిన్ననాట ఆడపిల్లల బట్టలు తొడుక్కోవాలన్న ఇష్టం తనకుండేదని ఆయన రాసుకున్నారు. తనవంటివారందరూ తనవలెనే ఉంటారనుకున్నారు.

గ్రంథాలు ప్రచారమైన కొద్దీ పాఠకుల నుంచి ఉత్తరాలు రాసాగాయి. అందులో కొందరు తాము ఏవిధంగానూ స్త్రీస్వభావం గలవారం కామని, అయినా పురుషులనే ప్రేమిస్తున్నామని తెలిపారు. ఉల్‌రిఖ్స్ వారిని కాదనలేదు. పురుషస్వభావులు, స్త్రీస్వభావులు, మధ్యస్థులు అంటూ వర్గాలు పెంచుతూ పోయారు. రెండువైపులా ఆకర్షణ గలవారికి మరికొన్ని పేర్లు పెట్టారు. సిద్ధాంతం సాక్ష్యానికి లొంగిన కొద్దీ దాని నిర్మాణం చిక్కుపడింది. మూలసూత్రాన్ని మాత్రం ఆయన వదులుకోలేదు. పురుషస్వభావం గలవాడు పురుషుణ్ణి ప్రేమిస్తే అతడిలో స్త్రీ ఆత్మ ఎక్కడున్నట్లు? ఈ ప్రశ్నకు ఆయన గ్రంథాల్లో సంతృప్తికరమైన జవాబు దొరకదు. అయినా తన పొరపాటును ఉత్తరాల ద్వారా తెలుసుకుని అచ్చులో సవరించుకున్న నిజాయితీ ఆయన తరువాతి వైద్యుల్లో అరుదు.

ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపినవారిలో కార్ల్ మరియా కెర్ట్‌బెనీ ఒకరు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే 'హోమోసెక్సువల్' అన్న మాటను సృష్టించినది ఈయనే. 1868 నాటి ఒక ఉత్తరంలో అది మొదట కనిపిస్తుంది, 1869లో అచ్చులోకి వచ్చింది. ఆత్మ స్త్రీదా పురుషునిదా అన్న చర్చతో ఈ మాటకు పని లేదు. ఎవరిపట్ల ఆకర్షణ ఉన్నదో అంతమాత్రమే చెబుతుంది. మాట నిలిచింది, దాని నిరాడంబరత నిలవలేదు. దాన్ని అందుకున్న వైద్యులు ఉల్‌రిఖ్స్ బొమ్మనే అందులో నింపారు.

3. వైద్యుల పట్టికలు, రోగుల ఆత్మకథలు

బెర్లిన్ మనోవైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ 1869లో ప్రకటించిన వ్యాసాన్ని ఈ రంగంలో తొలి వైద్యరచనగా పేర్కొనడం పరిపాటి. అందులో ప్రధానంగా ఇద్దరి వృత్తాంతాలున్నాయి. ఒకరు స్త్రీలను ప్రేమించిన స్త్రీ. రెండవవారు స్త్రీల దుస్తులు ధరించి పట్టుబడిన పురుషుడు. పురుషులతో లైంగిక సంబంధాన్ని ఇతడు అంగీకరించలేదు. ఒకరిది వాంఛకు సంబంధించిన విషయం, మరొకరిది వేషానికి సంబంధించిన విషయం. రెండింటికీ వెస్ట్‌ఫాల్ ఒకే పేరు పెట్టారు. ఆ పేరు కింద ఎన్ని జీవితాలు కలగాపులగమయ్యాయో తరువాతి డెబ్బై ఏళ్ళ వైద్యసాహిత్యం చూస్తే తెలుస్తుంది.

క్రాఫ్ట్-ఎబింగ్ 1886లో వెలువరించిన 'సైకోపతియా సెక్సువాలిస్' ముద్రణ ముద్రణకూ పెరుగుతూ పోయింది. పెరిగినది ప్రధానంగా వృత్తాంతాల సంఖ్య. వాటిలో చాలా భాగం పాఠకులే రాసి పంపినవి. హ్యారీ ఊస్టర్‌హవుస్ 2000లో ప్రకటించిన అధ్యయనం ఈ ఉత్తరాలను నిశితంగా పరిశీలించింది. పుస్తకం చదివి తమను తాము గుర్తుపట్టిన మనుషులు, ఆ పుస్తకపు భాషలోనే తమ జీవితాన్ని తిరిగి రాసి దాని రచయితకు పంపారు. అది తరువాతి ముద్రణలో కొత్త సాక్ష్యమైంది. బొమ్మలతో ఆడుకోవడం, ఆటల్లో మగపిల్లలకు దూరంగా ఉండడం, కుట్టుపని ఇష్టపడడం వంటి బాల్యస్మృతులు ఈ వృత్తాంతాల్లో మళ్ళీమళ్ళీ వస్తాయి. ఇవి అబద్ధాలని చెప్పడానికి వీల్లేదు. కాని వేల జ్ఞాపకాల్లోంచి ఏవి ఏరుకోవాలో పుస్తకమే నేర్పింది. బొమ్మలతో ఆడుకున్నా పెరిగి స్త్రీలను ప్రేమించిన పురుషుడు ఈ వైద్యునికి ఉత్తరం రాయడు. చెట్లెక్కి, కుస్తీపట్టి, పెరిగి పురుషులను ప్రేమించినవాడు ఆ పుస్తకం తెరిచినా అందులో తన ముఖం కనబడక మూసివేసి ఉంటాడు.

హవెలాక్ ఎలిస్ 1897లో ఇంగ్లీషులో ప్రకటించిన గ్రంథంలో ఈల వేయలేకపోవడం, ఆకుపచ్చ రంగుపై మక్కువ వంటివి కూడా చర్చకు వచ్చాయి. నేటి పాఠకునికి నవ్వు తెప్పించే ఈ సంగతులను ఎలిస్ వంటి జాగ్రత్తపరుడు నమోదు చేశారంటే, లోపలి వాంఛకు పైగుర్తు ఏదో ఉండితీరాలన్న పట్టుదల ఎంత బలమైనదో ఊహించవచ్చు.

స్త్రీల విషయంలో ఈ మూస మరింత నష్టం కలిగించింది. పురుషుని పోలిన స్త్రీయే 'అసలైన' స్వలింగాభిముఖి అని, ఆమెను ప్రేమించే స్త్రీస్వభావురాలు కేవలం ప్రలోభానికి లోనైనదని ఈ సాహిత్యం పరోక్షంగా నేర్పింది. రాడ్‌క్లిఫ్ హాల్ 1928లో రాసిన నవలలో నాయిక పురుషుని పేరుతో, పురుషుని వేషంతో ఉంటుంది. ఆమె ప్రేయసి చివరికి ఒక పురుషుని వైపు వెళుతుంది. ఆ ఏడాది లండన్ న్యాయస్థానం నవలను నిషేధించింది. నిషేధం వల్ల కలిగిన ప్రచారంతో ఆ నాయిక బొమ్మ ఇంకా దూరం పాకింది. చీరకట్టుకు సమానమైన గౌనుతో, పొడవాటి జుట్టుతో ఉన్న స్త్రీ తాను స్త్రీనే ప్రేమిస్తున్నానని ఆ బొమ్మను చూసి తెలుసుకోవడం దాదాపు అసాధ్యం.

వేరే దారి చూపినవారు లేకపోలేదు. మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1910లో, అన్యలింగ వేషధారణను వాంఛనుంచి వేరుచేసి ఒక ప్రత్యేక గ్రంథం రాశారు. ఆయన పరిశీలించినవారిలో అధికభాగం భిన్నలింగాభిముఖులే. ఫ్రాయిడ్ 1920లో ఒక యువతి వృత్తాంతాన్ని చర్చిస్తూ దేహలక్షణాలు, మానసిక స్వభావం, ఎవరిని కోరుకుంటారన్నది – ఈ మూడూ ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా మారగలవని స్పష్టంగా చెప్పారు. ఈ వాక్యాన్ని మనోవైద్యులు సరిగా చదివి ఉంటే తరువాతి ముప్పై ఏళ్ళ చరిత్ర మరోలా ఉండేది.

4. వలస చట్టం, తెలుగు రంగస్థలం

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను చర్యను శిక్షించింది. మనిషి రకాన్ని గురించి మాట్లాడలేదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం రెండవ భాగం మాత్రం మనుషులనే జాబితాకెక్కించింది. హిజ్రాలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ భాగంలో బహిరంగంగా స్త్రీల దుస్తులు, నగలు ధరించడం, ఆడడం, పాడడం నేరాలయ్యాయి. జెస్సికా హించీ 2019లో చేసిన అధ్యయనం ఈ పట్టికల వెనుక ఉన్న అధికారుల అయోమయాన్ని బయటపెట్టింది. ఎవరిని నమోదు చేయాలో వారికే స్పష్టత లేదు.

ఈ అయోమయానికి న్యాయస్థానంలో కనిపించిన రూపం 1884 నాటి ఖైరాతీ కేసు. స్త్రీవేషంలో స్త్రీల మధ్య పాడుతుండగా ఖైరాతీ పోలీసుల దృష్టిలో పడ్డాడు. వైద్యపరీక్ష చేయించారు. సెషన్సు న్యాయస్థానం 377 కింద శిక్షించింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్న మూడు ప్రశ్నలకూ అభియోగంలో సమాధానం లేదు. ఆ కారణంతోనే అలహాబాదు హైకోర్టు శిక్షను కొట్టివేసింది. అయితే ఇటువంటి అలవాట్లను అరికట్టాలన్న అధికారుల కోరికను మెచ్చుకోవడం మరువలేదు. సాక్ష్యం లేదని విడిచిపెట్టింది, అనుమానాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. వేషం, దేహం, పాట చర్యకు బదులు నిలిచాయి.

నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాదు నగరంలోని హిజ్రాలపై ఇదే అచ్చులో చట్టం వచ్చింది. స్త్రీవేషంతో వీధిలో కనిపించినా, ఆడినా, పాడినా వారంటు లేకుండా నిర్బంధించే వీలు అందులో ఉంది. దేశమంతటా నేరస్థ జాతుల చట్టం రద్దయిన తరువాత కూడా ఇది పుస్తకాల్లో మిగిలింది; 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హిజ్రాల లింగగుర్తింపు పొరపాటు కాదు, వేషమూ కాదు. లింగగుర్తింపు వేరు, లైంగికాభిముఖ్యత వేరు అని సుప్రీంకోర్టు 2014లో 'నల్సా' తీర్పులో విడదీసి చెప్పింది. పాత చట్టాలు చేసిన తప్పు ఆ రెంటినీ కలిపి నేరంగా కుట్టడమే.

ఇదే కాలంలో, ఇదే నేలపై, పురుషుని స్త్రీవేషానికి పూర్తిగా వేరే అర్థం ఉండేది. స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా ప్రవేశిస్తే జనం బారులు తీరేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ ధరించిన సత్యభామ, ఉష పాత్రలను నాట్యచరిత్ర నేటికీ తలచుకుంటుంది. ఈ సంప్రదాయంలో స్త్రీవేషం సాధనతో సంపాదించే విద్య. నటుని వాంఛకు ఆనవాలు కాదు. కూచిపూడి గ్రామంలో స్త్రీవేషం ధరించడం బ్రాహ్మణ పురుషత్వాన్ని తగ్గించకపోగా దాన్ని నిలబెట్టే సాధనమైందని హర్షిత మృతింటి కామత్ 2019లో ప్రకటించిన అధ్యయనం నిరూపిస్తుంది. గ్రామం దాటి నగరవేదికలకు వచ్చాక ఆ గౌరవం అంతే బలంగా నిలవలేదని కూడా ఆ అధ్యయనమే చెబుతుంది. ఒకే చీర, ఒకే జడ: నాటకశాలలో కళ, నగరవీధిలో నేరం. గుర్తుకు సొంత అర్థం లేదనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ తెలుగువారికి దొరకదు. అయితే ఈ మినహాయింపు కులంతోనూ వేదికతోనూ ముడిపడినదన్న సంగతిని మరచి, దాన్ని ఉదారతగా పొగడడం తొందరపాటు.

5. సైన్యం, ప్రశ్నపత్రం

అమెరికాలో 1919లో న్యూపోర్ట్ నౌకాదళ కేంద్రంలో జరిగిన విచారణ ఈ పొరపాటుకు విచిత్రమైన మలుపు. స్వలింగ సంబంధాలను పట్టుకోవడానికి నౌకాదళం యువనావికులనే ఎరగా పంపింది. వారు లైంగిక చర్యల్లో పాల్గొని వచ్చి సాక్ష్యమిచ్చారు. తాము 'పురుషుని పాత్ర' వహించాం గనుక తమ స్వభావానికి మచ్చ లేదని నమ్మారు, అధికారులూ నమ్మారు. జార్జ్ చాన్సీ ఈ రికార్డులను పరిశీలించి, ఆనాటి శ్రామికలోకంలో ఆడంగితనమే గుర్తు గాని ఎవరితో సంబంధం అన్నది గుర్తు కాదని తేల్చారు. నావికులకు సేవచేసే శామ్యూల్ కెంట్ అనే మతాచార్యుడు కూడా ఈ వలలో పడ్డారు. రెండుసార్లు విచారణ జరిపినా న్యాయస్థానాలు ఆయనను నిర్దోషిగా విడుదల చేశాయి. 1921లో సెనేటు ఉపసంఘం నౌకాదళపు పద్ధతులను తీవ్రంగా ఖండించింది.

రెండవ ప్రపంచయుద్ధంలో దాదాపు 1 కోటి 80 లక్షల మంది పురుషులను పరీక్షించి, స్వలింగాభిముఖులన్న కారణంతో సుమారు 4,000 నుంచి 5,000 మందిని మాత్రమే తిరస్కరించారని అలన్ బెరుబే లెక్కచెప్పారు. వైద్యులు వెతికినది స్త్రీని పోలిన దేహం, నడత, క్షురకుడు, గృహాలంకరణ నిపుణుడు వంటి వృత్తులు. ఆ బొమ్మకు సరిపోనివారు వేల సంఖ్యలో యుద్ధం చేసి వచ్చారు.

లూయీ టెర్మన్, కాథరీన్ మైల్స్ 1936లో పురుషత్వాన్నీ స్త్రీత్వాన్నీ ఒకే కొలబద్దపై కొలిచే ప్రశ్నపత్రాన్ని ప్రకటించారు. 'చురుకైన పాత్ర' వహించే స్వలింగాభిముఖ పురుషులకు అందులో సైనికులకంటె కూడా పురుషత్వపు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆ ఫలితం ముందు ఆగి ఆలోచించడానికి బదులు పరిశోధకులు వారిని వేరే రకంగా పక్కన పెట్టారు. ఉల్‌రిఖ్స్ కనీసం కొత్త పేరు పెట్టారు. 1943లో వచ్చిన మిన్నెసోటా వ్యక్తిత్వ పరీక్షలోని అయిదవ మాపకం ఈ బాటలోనిదే. దానికి ప్రమాణంగా తీసుకున్న స్వలింగాభిముఖ పురుషుల సంఖ్య 13. పూలన్నా కవిత్వమన్నా ఇష్టమని రాసినవారి అంకె ఈ మాపకంపై పైకి పాకేది.

6. తనను గురించి తాను పొరబడడం

ఇంతవరకు పొరబడినవారు వైద్యులు, అధికారులు. తన విషయంలో తాను పొరబడిన మనిషిని చరిత్రలో పట్టుకోవడం చాలా కష్టం. అతడు ఎక్కడా నమోదు కాడు. ఈ కొరతను కొంతవరకు తీర్చేది లయనెల్ ఒవెసీ రచన. న్యూయార్క్ మనోవిశ్లేషకుడైన ఒవెసీ 1954 నుంచి ప్రకటించిన వ్యాసాల్లో, పురుషుల పట్ల ఏ ఆకర్షణా లేకుండానే తాము స్వలింగాభిముఖులమేమోనన్న భయంతో వైద్యానికి వచ్చిన పురుషులను వర్ణించారు. వారి మనసులో ఒక సమీకరణం నడుస్తుందని ఆయన చెప్పారు: ఓడిపోయాను, అంటే మగవాణ్ణి కాను, అంటే ఆడదాన్ని, అంటే స్వలింగాభిముఖుణ్ణి. ఉద్యోగంలో పోటీ పడలేకపోవడం, పై అధికారి ముందు నోరు మెదపలేకపోవడం, ఇతరులపై ఆధారపడాలన్న కోరిక – ఇవీ వారి 'లక్షణాలు'. సంపాదనే మగతనానికి కొలత అయిన యుద్ధానంతర అమెరికాలో ఈ భయం మొలకెత్తడం యాదృచ్ఛికం కాదని బార్బరా ఎరెన్‌రైక్ 1983లో గుర్తుచేశారు. 1953 నాటి అధ్యక్షుని ఉత్తర్వుతో స్వలింగాభిముఖులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించడం ముమ్మరమైన రోజులవి. అనుమానం ఊహ కాదు, ఉద్యోగం ఊడే ప్రమాదం.

ఆ సమీకరణంలోని ప్రతి మెట్టూ మూసభావనే. ఉల్‌రిఖ్స్ స్వేచ్ఛకోసం కట్టిన వంతెన తొంభై ఏళ్ళకు తిరగబడింది: వాంఛనుంచి స్త్రీ ఆత్మను ఊహించినవారు ఆయన, స్త్రీత్వమనుకున్నదాని నుంచి లేని వాంఛను ఊహించినవారు ఒవెసీ రోగులు. ఒవెసీ దీన్ని గుర్తించి వారికి ఊరట కలిగించారు. అయితే ఆయన సగమే చూశారు. నిజంగా పురుషులను కోరుకునేవారిని ఆయన వ్యాధిగ్రస్తులుగానే భావించారు, వారికి చికిత్స సాధ్యమన్నారు. ఆ సమీకరణం ఇంకో వైపునుంచి కూడా పనిచేస్తుందన్నది ఆయన రచనల్లో రాదు: గెలిచాను, మగవాడినే, కాబట్టి స్వలింగాభిముఖుణ్ణి కాను. ఇలా అనుకున్న పురుషుడు వైద్యుని దగ్గరకు రాడు. పెళ్ళి చేసుకుంటాడు. అతడి పొరపాటుకు మూల్యం చెల్లించేది ఇద్దరు.

ఆల్‌ఫ్రెడ్ కిన్సీ 1948లో వాంఛను 0 నుంచి 6 వరకు మెట్లుగా చూపి, రెండు రకాల మనుషులన్న విభజననే ప్రశ్నించారు. ఎవలిన్ హుకర్ పద్ధతి ఇంకా సూటిగా ఉంది. వైద్యశాలకుగాని జైలుకుగాని సంబంధం లేని 30 మంది స్వలింగాభిముఖ పురుషులను, వయసులోనూ విద్యలోనూ వారికి సరిపోయే మరో 30 మందిని పరీక్షించి, పేర్లు తొలగించిన ఫలితాలను ఆ రంగంలో నిపుణుల ముందు పెట్టారు. ఎవరు ఎవరో వారు చెప్పలేకపోయారు. ఈ ఫలితాలు 1957లో అచ్చయ్యాయి. అమెరికన్ మనోవైద్యసంఘం 1973లో స్వలింగాభిముఖ్యతను వ్యాధుల పట్టిక నుంచి తొలగించడానికి దోహదం చేసిన ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

మిన్నెసోటా పరీక్షలోని అయిదవ మాపకం మాత్రం కొన్ని ప్రశ్నలు తొలగించుకుని 1989 నాటి ముద్రణలోనూ కొనసాగింది. 2008లో పునర్నిర్మించిన రూపంలో అది లేదు. దాని స్థానంలో రెండు మాపకాలు వచ్చాయి: ఒకటి కళాసాహిత్యాభిరుచిని కొలుస్తుంది, మరొకటి యంత్రాలపై, శారీరక శ్రమపై ఆసక్తిని కొలుస్తుంది.